ఊరికే ఏడ్చే పసిబిడ్డను ఎలా చూసుకోవాలి?

“వీడికి అస్సలు కుదురు లేదు, పెద్దయితే ఎలాగో!” ఆరునెలల బిడ్డను చూసి చుట్టాలు అలా అనగానే తల్లికి గుండె జారుతుంది. ఇప్పుడు ఏడీహెచ్‌డీ (దేనిమీదా దృష్టి నిలవకపోవడం, అతి చురుకుతనం ఉండే సమస్య) భయం కూడా తోడైంది. పసితనంలో బాగా చిరాకుపడే పిల్లల్లో తర్వాత ఆ లక్షణాలు కాస్త ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. అయినా అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి ఏడీహెచ్‌డీ రాదు. వచ్చినా అందులో వంశపారంపర్యానిదే పెద్ద పాత్ర. తల్లి పెంపకాన్ని తప్పుపట్టడం అన్యాయం.

1. వారం రోజులు రాసి చూడండి. ఎప్పుడు ఏడ్చింది, దానికి ముందు ఏం జరిగింది, ఎలా ఊరుకుంది, అంతే. మా చిన్నదానికి సాయంత్రం ఆరైతే చాలు, ఏడుపే ఏడుపు. నోటుబుక్కు తిరగేస్తే అర్థమైంది: సరిగ్గా అప్పుడే కుక్కర్ కూతలు, టీవీ, ఆఫీసు నుంచి వచ్చినవాళ్ల మాటలు, అన్నీ ఒకేసారి. పాపను లోపలి గదిలోకి తీసుకెళ్లి లైటు ఆర్పి జోకొడితే పది నిమిషాల్లో తేరుకునేది.

1956లో న్యూయార్క్‌లో మానసిక వైద్యులు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ మొదలుపెట్టిన అధ్యయనం పిల్లల స్వభావాన్ని తొమ్మిది కోణాల్లో చూసింది. వాళ్ల లెక్కలో సుమారు 10 శాతం మంది పిల్లలు పెంచడానికి కష్టమైనవాళ్లు. బిడ్డ తీరుకు పెద్దల తీరు ఎంతవరకు పొసిగిందన్నదే ముఖ్యమని వాళ్లు తేల్చారు.

2. ఏడుపు అందుకోకముందే సైగ పట్టండి. ముఖం పక్కకు తిప్పడం, పిడికిళ్లు బిగించడం, వీపు విల్లులా వంచడం, అన్నిటికీ “ఇక చాలు” అనే అర్థం. ఆ క్షణంలో నలుగురూ గిలక్కాయలు పట్టుకుని చుట్టూ చేరకండి. ఒక్కరే ఎత్తుకోండి, ఒకే గొంతుతో మెల్లగా మాట్లాడండి. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టి కుదపకూడదు, మెదడుకు దెబ్బ తగులుతుంది.

3. ఊరుకున్నాక కూడా పలకరించండి. చాలామంది ఏడుపు ఆగగానే “హమ్మయ్య” అని పనిలో పడతారు. నెదర్లాండ్స్‌లో చిరాకు ఎక్కువున్న వందమంది శిశువులపై జరిగి, 1994లో వెలువడిన అధ్యయనంలో కొందరు తల్లులకు సైగలు చదవడం, బదులివ్వడం నేర్పారు. ఏడాది వయసుకు ఆ పిల్లల్లో 62 శాతం మందికి తల్లితో భద్రమైన అనుబంధం ఏర్పడింది, నేర్పని తల్లుల పిల్లల్లో 22 శాతమే. ఇది ఏడీహెచ్‌డీని ఆపుతుందని ఆ అధ్యయనం చెప్పలేదు. అయినా ఆ తేడా చిన్నదేం కాదు.

4. తల్లి నిద్రపోవాలి. రాత్రిలో ఒక వంతు నాన్నో అమ్మమ్మో తీసుకోవాలి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే తల్లినే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

5. తొందరపడి జబ్బు పేరు అంటగట్టొద్దు. పసిబిడ్డకు ఏడీహెచ్‌డీ నిర్ధారించరు, సాధారణంగా నాలుగేళ్లు నిండాకే పరీక్షిస్తారు. ఇంట్లోనూ బడిలోనూ, ఆరు నెలలకు పైగా లక్షణాలు ఉండాలి. ఆరేళ్లలోపైతే ముందు మందులు కాదు, తల్లిదండ్రులకు శిక్షణే. జిల్లాల్లోని ప్రభుత్వ డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే) కేంద్రాల్లో పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తారు. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి.