బేరనెట్ల వంశచరిత్రను శోధించే పద్ధతి

బేరనెట్ అంటే బ్రిటిష్ రాజరికం ఇచ్చే వంశపారంపర్య బిరుదు, దాన్ని పొందిన వ్యక్తి కూడా. నైట్ గౌరవం మాత్రం ఆ వ్యక్తితోనే పోతుంది. ఇద్దరి పేర్ల ముందూ ‘సర్’ ఉంటుంది కనుక, అది కనిపించినంత మాత్రాన ఎవరినీ బేరనెట్‌గా లెక్కవేయకూడదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ నైట్ మాత్రమే. 1861లో వచ్చిన ఆ గౌరవం ఆయనతోనే ముగిసింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తరవాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో సంగతి వేరు. ఆయనకు 1825లో బేరనెట్ బిరుదు దక్కింది. 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసినప్పుడు అది పెద్ద కొడుక్కి, 1901లో ఆ కొడుకు పోయాక అతని తమ్ముడికి సంక్రమించింది. అందుచేత ముందుగా పేరు చివర ‘బార్ట్’ లేక ‘బి.టి.’ అన్న పొడి అక్షరాలు ఉన్నాయేమో చూడాలి. బేరనెట్‌కు వంశపారంపర్య బిరుదు ఉన్నా అతడు లార్డు కాడు. ఆ బిరుదు వల్ల బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభలో స్థానమేమీ రాదు.

రెండవ పని, బిరుదు ఇచ్చిన సంవత్సరాన్ని బట్టి దాని తరగతిని గుర్తించడం. మొదటి జేమ్స్ రాజు 1611 మే 22న ఇంగ్లండులో ఈ బిరుదులను ప్రారంభించాడు. కారణం ఖజానా అవసరమే. ఐర్లండులోని అల్‌స్టర్‌లో ఉంచిన సైన్యానికి సొమ్ము కావలసి, బిరుదు కోరినవారు 30 మంది సిపాయిలను మూడేళ్లు పోషించాలని షరతు పెట్టాడు. తలకు రోజుకు 8 పెన్నీల చొప్పున 30 మందికి రోజుకు సరిగ్గా ఒక పౌను (అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు), మూడేళ్లకు 1,095 పౌన్లు. దీన్ని మర్యాదస్తుల వేలంపాట అన్నా తప్పులేదు. బేరనెట్ల చిహ్నంలో నేటికీ కనిపించే ఎర్రని అరచెయ్యి ఆ అల్‌స్టర్‌దే. ఐర్లండు తరగతి 1619లోను, స్కాట్లండువారి నోవా స్కోషియా (నేటి కెనడాలోని ప్రాంతం) తరగతి 1625లోను మొదలయ్యాయి. 1707 నుంచి గ్రేట్ బ్రిటన్, 1801 నుంచి యునైటెడ్ కింగ్‌డమ్ పేరిట బిరుదులిచ్చారు.

అసలు కీలకం బిరుదు ఇస్తూ రాజు వెలువరించే రాజపత్రంలోని వారసత్వ వాక్యం. సాధారణంగా అది ‘ఔరస పురుష సంతతికి’ అని పరిమితం చేస్తుంది. అంటే కూతుళ్లకు రాదు, మగ సంతతి లేకపోతే బిరుదు అంతరిస్తుంది. నోవా స్కోషియా పత్రాలు కొన్నింటిలో ఆ పరిమితి సడలి, దాయాదుల శాఖలకు కూడా హక్కు కలుగుతుంది. ఈ వాక్యం చదవకుండా వంశవృక్షం గీయడం మొదలుపెడితే సగం శ్రమ వృథా. కొత్త బిరుదుల ప్రకటనలను బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్ పాత సంచికలలో వెతకవచ్చు. 1800 వరకు ఇచ్చినవాటికి వంశచరిత్రకారుడు కొకేన్ ఐదు సంపుటాలుగా కూర్చిన జాబితా ఉపకరిస్తుంది.

భారతీయ కుటుంబాల దగ్గర పేర్ల చిక్కు ఎదురవుతుంది. 1857లో బేరనెట్ అయిన బొంబాయి వర్తకుడు జంషెట్జీ జీజీభాయ్ వారసులు ప్రతి తరంలోనూ అదే పేరు ధరించాలని 1860లో చట్టమే చేశారు. కొడుకు కర్సెట్జీ ఆ విధంగానే రెండవ సర్ జంషెట్జీ అయ్యాడు. పెటిట్ కుటుంబంలోనూ ఇదే కథ. 1890లో బిరుదు పొందిన దిన్‌షా పెటిట్ 1901లో మరణించేసరికి ఆయన కొడుకు ఫ్రాంజీ అప్పటికే లేడు; మనవడు జీజీభాయ్ ఫ్రాంజీ తాత పేరు ధరించి రెండవ బేరనెట్ అయ్యాడు. జిన్నాను పెళ్లాడిన రత్తన్‌బాయి ఇతని కూతురే. ఆమెను మొదటి దిన్‌షా కూతురని పొరబడకుండా ఉండాలంటే, ప్రతి పేరు పక్కన ఎన్నవ బేరనెట్టో, జనన మరణ సంవత్సరాలేమిటో, పుట్టినప్పటి పేరేమిటో రాసుకోవాలి.

చివరగా ప్రస్తుత స్థితిని బేరనెట్ల అధికారిక పట్టికతో సరిచూసుకోవాలి. 1910 నాటి రాజాజ్ఞ ప్రకారం, తన వారసత్వాన్ని రుజువుచేసుకుని ఆ పట్టికలో చేరనివాణ్ని అధికార పత్రాలలో బేరనెట్‌గా పేర్కొనరు. కాగితాలు సరిగా ఉన్నా వివాదం రావచ్చు: స్కాట్లండులోని స్టిచిల్‌కు చెందిన ప్రింగిల్ కుటుంబానికి 1683లో వచ్చిన బిరుదు విషయంలో, బ్రిటన్‌లోని ఉన్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ న్యాయసంఘం 2016లో డీఎన్ఏ పరీక్షను సాక్ష్యంగా అంగీకరించి, హక్కు వేరే శాఖదని తేల్చింది. కనుక పట్టికలో పేరు లేనంత మాత్రాన బిరుదు అంతరించిందని రాయకూడదు. పురుష సంతతి పూర్తిగా లేదని తేలితేనే ‘అంతరించినది’ అనీ, వారసుడు ఉండి కూడా నిరూపించుకోకపోతే ‘నిద్రాణంగా ఉన్నది’ అనీ వంశవృక్షంలో చివరి పేరు పక్కన వేర్వేరుగా నమోదు చేయాలి.