అరిగిన ఇంజన్‌ను పట్టుకోవడం – 4వ పాఠం: కంప్రెషన్ బాగున్నా విమానం ఎందుకు లేవదు?

పోయిన పాఠంలో సిలిండర్‌లోకి 80 పౌండ్ల గాలి ఎక్కించి, రెండో గేజీలో ఎంత నిలిచిందో చూశాం. అదే కంప్రెషన్ పరీక్ష. 70 పైన ఉంటే రింగులు, వాల్వులు బాగున్నట్టే. అంతమాత్రాన ఇంజన్ బాగున్నట్టు కాదు.

నాగార్జునసాగర్ అవతలి గట్టున విజయపురి సౌత్‌లో శిక్షణ విమానాల రన్‌వే ఉంది. నల్లగొండ వైపు ఉన్నవాళ్లు ఆ చిన్న విమానాలను చూసే ఉంటారు. శిక్షణకు ఎక్కువగా వాడే సెస్నా 152లో నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఇంజన్ ఉంటుంది. దాని క్యామ్‌షాఫ్ట్ (గుబ్బలతో వాల్వులను తెరిచే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) పైన ఉంటుంది. వారాల తరబడి కదలకుండా షెడ్డులో ఉంటే ఆయిల్ కిందికి జారిపోయి క్యామ్‌కు తుప్పు పడుతుంది. తర్వాత తిప్పినప్పుడల్లా ఆ గరుకు టాపెట్‌ను (క్యామ్ గుబ్బకు, వాల్వుకు మధ్య ఉండే ముక్కను) గీకుతుంది. క్యామ్ గుబ్బ అరిగేకొద్దీ వాల్వు పూర్తిగా తెరుచుకోదు, ఇంజన్‌కు ఊపిరి ఆడదు. మనం కంప్రెషన్ చూసేది వాల్వులు మూసి ఉన్నప్పుడు. ఇక ఈ అరుగుదల ఎలా కనిపిస్తుంది?

దీనికి మన మే నెల ఎండ తోడైతే చెప్పక్కర్లేదు. 44 డిగ్రీల్లో గాలి పలచబడుతుంది, ఇంజన్ బలం ఇంకా తగ్గుతుంది. అయినా చక్రాలు నేల వదులుతాయి. అదే మోసం. నేలకు దగ్గరగా ఎగిరేటప్పుడు రెక్కలకు కాస్త అదనపు దన్ను దొరుకుతుంది. దగ్గరగా ఉన్నంతసేపే ఆ దన్ను. పైకి పోదామంటే పోదు, ఎదురుగా పొలం గట్టు.

అందుకే బ్రేకులు తొక్కిపట్టి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. సెస్నా 152 నిలబడినచోటే 2280 నుంచి 2380 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చూపించాలి. తగ్గితే ఆ రోజు ఎగరొద్దు. "నిన్న కూడా ఇంతే ఉంది, ఏం కాలేదు" అంటారు చూడండి, నాకు ఒళ్లు మండే మాట అది. పరుగు మొదలయ్యాక సగం రన్‌వే దాటేసరికి, లేచే వేగంలో 70 శాతం రావాలి. 50 నాట్ల (విమాన వేగానికి వాడే కొలత) దగ్గర లేచేదైతే 35. రాలేదా, థ్రాటిల్ మూసేయండి.

ఇక చేతిపని. మీకు విమానం దొరకదు, ట్రాక్టర్ దొరుకుతుంది. ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ కోసి, మడతల కాగితం విప్పి, డీజిల్‌లో కడిగి ఎండలో పరచండి. మెరిసే రజను మీద అయస్కాంతం తిప్పండి. అంటుకుంటే ఇనుము: క్యామ్, టాపెట్ లాంటివి. అంటుకోకుండా మెరిసేది పిస్టన్ అల్యూమినియం కావచ్చు. రెండూ విడివిడిగా తెల్లకాగితం మీద పోసి, తారీఖు, ఇంజన్ తిరిగిన గంటలు రాసి పెట్టుకోండి. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.