బ్లాక్ హోల్‌లోకి వాయువు పడటం లేదా? స్నిగ్ధత దగ్గర వచ్చే చిక్కులు, సరిచేసే దారులు

బ్లాక్ హోల్ చుట్టూ పళ్లెంలా (దీన్నే డిస్క్ అంటారు) తిరిగే వాయువు మీద మొదటిసారి లెక్క వేసేవాళ్లు, చిన్న ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది స్నిగ్ధత, అంటే వాయువు పొరల మధ్య రాపిడి దగ్గరే. ఉదాహరణకు పది సూర్యుల ద్రవ్యరాశి ఉన్న బ్లాక్ హోల్‌ని, దానికి లక్ష కిలోమీటర్ల దూరంలో తిరిగే వాయువుని తీసుకుందాం.

సమస్య 1: వాయువు తిరుగుతూనే ఉంది, లోపలికి రావడం లేదు

గురుత్వాకర్షణ ఎంత బలంగా ఉన్నా, తిరిగే వాయువు తన కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరుగుడు ఊపును) వదులుకోనిదే లోపలికి జారదు. భూమి సూర్యుడిలో పడకుండా తిరుగుతున్నట్టే అదీ తిరుగుతుంది. డిస్క్‌లో లోపలి పొర వేగంగా, బయటి పొర నెమ్మదిగా కదులుతాయి. రెండిటి మధ్య రాపిడి ఉంటే లోపలి పొర తన కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి పొరకు అప్పగించి కొంచెం దిగుతుంది. మనకు కావాల్సిన స్నిగ్ధత అదే.

కారణం: మీరు మామూలు అణు స్నిగ్ధత విలువ వేసి ఉంటారు. తేనె, ఆముదం జిగటకు సరిపోయే లెక్క అది. ఇక్కడ దానితో వాయువు దిగడానికి కోట్ల సంవత్సరాలు పడుతుంది. కానీ 1975 ఆగస్టులో ఏ0620-00 అనే, బ్లాక్ హోల్, నక్షత్రం కలిసి తిరిగే జంట వ్యవస్థ కొద్ది రోజుల్లోనే వెలిగి, సూర్యుడిని పక్కన పెడితే ఆకాశంలో అన్నిటికంటే ప్రకాశవంతమైన ఎక్స్-రే మూలమైంది. తర్వాత కొన్ని నెలల్లో మసకబారింది. అంటే వాయువు అంత త్వరగా దిగిందన్నమాట, అక్కడ అణువుల రాపిడి కంటే ఎంతో గట్టిది ఇంకేదో పనిచేస్తోంది.

పరిష్కారం: 1973లో షకూరా, సున్యయేవ్ అనే శాస్త్రవేత్తలు చూపిన సూత్రం వాడండి. ధ్వని వేగాన్ని డిస్క్ సగం మందంతో, దాన్ని ఆల్ఫా అనే సంఖ్యతో గుణిస్తే స్నిగ్ధత వస్తుంది. వాయువులోని సుడులు డిస్క్ మందాన్ని మించి పెద్దవి కాలేవు, ధ్వనిని మించి వేగంగా తిరగలేవు. అందుకే ఆల్ఫా సాధారణంగా 1 దాటదు. మన ఉదాహరణలో ఆ సగం మందం దూరంలో నూరో వంతు, ఆల్ఫా 0.1 అనుకుంటే వాయువు దిగడానికి సుమారు నెల రోజులు. ఆల్ఫా 0.01 అయితే పది నెలలు. ఈ లెక్క చేత్తో ఒక్కసారైనా వేసి చూడండి, విషయం మనసుకి పడుతుంది.

సమస్య 2: ఆల్ఫా మార్చినా వెలుగు మారడం లేదు

ప్రోగ్రామ్‌లో తప్పుందని టెన్షన్ పడి రాత్రంతా వెతకొద్దు, అది సరైన జవాబే. స్థిరంగా ప్రవహించే పలుచని డిస్క్ ఉపరితలం ఎంత శక్తి వెలువరించాలో బ్లాక్ హోల్ ద్రవ్యరాశి, సెకనుకు పడే వాయువు, దూరం నిర్ణయిస్తాయి. ఆ సమీకరణంలో స్నిగ్ధత కొట్టుకుపోతుంది. వాలు తగ్గిన కాలువలో నీటిమట్టం పెరిగి అంతే నీరు పారినట్టు, స్నిగ్ధత తగ్గితే వాయువు పేరుకుని అంతే ప్రవాహం సాగుతుంది.

ఆల్ఫా ప్రభావం కనపడాలంటే వాయువు సరఫరాను ఒక్కసారిగా పెంచి, వెలుగు ఎన్ని రోజుల్లో పెరిగి తగ్గుతుందో చూడండి.

సమస్య 3: సిమ్యులేషన్‌లో ఆల్ఫా చాలా తక్కువ వస్తోంది

రాపిడికి మూలం అయస్కాంత క్షేత్రమని 1991లో బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు చూపించారు. బలహీనమైన క్షేత్రం కూడా రెండు పొరల మధ్య స్ప్రింగ్‌లా సాగి, ప్రవాహాన్ని అల్లకల్లోలం చేస్తుంది. ఈ అస్థిరతను 1959లో వెలిఖోవ్, 1960లో చంద్రశేఖర్ వేరే సందర్భంలో ముందే గుర్తించారు. డిస్క్‌లకు దాని అవసరం తెలియడానికి మూడు దశాబ్దాలు పట్టింది!

డిస్క్‌కు నిలువుగా నికర క్షేత్రం లేని సిమ్యులేషన్లలో ఆల్ఫా తరచుగా 0.01 దగ్గర ఆగుతుంది. మరుగుజ్జు నోవాల (తెల్ల మరుగుజ్జు నక్షత్రం చుట్టూ డిస్క్ ఉండి, అప్పుడప్పుడు వెలిగే జంటల) పరిశీలనలు మాత్రం 0.1 నుంచి 0.4 వరకు అడుగుతాయి. కొద్దిగా నిలువు క్షేత్రం కలిపి చూడండి, విలువ పెరుగుతుంది.

సమస్య 4: ఆల్ఫా సున్నా పెట్టినా వాయువు పడుతోంది

ప్రోగ్రామ్ స్థలాన్ని విడగొట్టే గ్రిడ్ గడులు పెద్దవైతే లెక్కల్లోని పొరపాటే రాపిడిలా పనిచేస్తుంది. ఒక్కో గడి పరిమాణాన్ని సగానికి తగ్గించండి. పడే వేగం తగ్గితే దొంగ దొరికినట్టే.

సమస్య 5: లోపలి డిస్క్ వలయాలుగా విడిపోతోంది

వాయు పీడనం కంటే కాంతి పీడనం ఎక్కువైన చోట ఆల్ఫా సూత్రం నిలకడ కోల్పోతుందని 1974లో లైట్‌మన్, ఎర్డ్‌లీ చెప్పారు. రాపిడిని వాయు పీడనానికి మాత్రమే ముడిపెడితే డిస్క్ కుదుటపడుతుంది. కానీ తొందరపడొద్దు. జీఆర్ఎస్ 1915+105 అనే బ్లాక్ హోల్ జంట వ్యవస్థ ఎక్స్-రే వెలుగు కొన్నిసార్లు నిమిషం అటూ ఇటుగా గుండెకొట్టుకున్నట్టు పెరిగి తగ్గుతుంది. దానికి ఈ అస్థిరతే కారణమని చాలామంది భావిస్తారు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన భారత అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ కూడా ఈ మూలాన్ని పరిశీలించింది. మీ వలయాల హెచ్చుతగ్గులకు ఎంత కాలం పడుతోందో కొలిచి, అలాంటి లయతో పోల్చాకే సూత్రం మార్చండి.