బూట్ల సైజు రెండోసారికి కుదిరింది

హనుమకొండలో బైక్ బూట్లు వేసి చూసుకునే దుకాణం నాకు దొరకలేదు. రోజూ వేసే షూ యూకే 9 కదా అని ఆన్‌లైన్‌లో కళ్లు మూసుకుని అదే పెట్టేశాను. ఇంట్లో తొడుక్కుని బండెక్కి కూర్చుంటే, గేరు పైకి లేపిన ప్రతిసారీ బొటనవేలు ముందు గట్టి తొడుగుకు గుద్దుకుంది. రోడ్డెక్కలేదు కాబట్టి వాపసు తీసుకున్నారు, బతికిపోయాను.

రెండోసారి తొందరపడలేదు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బాక, రైడింగుకు వేసే మందపాటి సాక్సులతోనే మడమ గోడకు ఆనించి కాగితం మీద నిలబడ్డాను. గీత గీసింది తమ్ముడు. మనమే వంగి గీస్తే కొలత తప్పుతుంది. కుడి పాదం 27.1 సెంటీమీటర్లు, ఎడమది 27.6. పెద్దదాన్నే పట్టుకున్నాను. ఈయూ సైజుల్లో అంకెకూ అంకెకూ మధ్య దాదాపు 6.7 మిల్లీమీటర్లు, యూకేలో దాదాపు 8.5. రెండూ సరిగ్గా కలవవు, కంపెనీకో రకంగా సర్దుతారు. అందుకే అంకె వదిలేసి ఆ కంపెనీ పట్టికలో సెంటీమీటర్లే చూశాను. పిక్క చుట్టుకొలత కూడా, జీన్స్ మీదుగా.

ఈసారి మడమ లేవలేదు, వేళ్లు ఆడుతున్నాయి. కానీ గేరు పడదే! బూటు ముందుభాగం మందం, లివర్ కిందికి దూరట్లేదు. మెకానిక్‌తో లివర్ కాస్త పైకి జరిపించాను. పది నిమిషాల పని. ఆ ఆదివారమే లక్నవరం వెళ్లొచ్చాను.