అమ్మ రాత్రి మాత్ర మరిచిపోకుండా

అమ్మకు షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు బీరువా తెరిస్తే చీరల మడతల మధ్య రెండు అట్టల షుగరు మాత్రలు (మెట్‌ఫార్మిన్) అలాగే ఉన్నాయి. గుండె ఝల్లుమంది.

రోజూ ఫోను చేస్తే విసుక్కునేది. అందుకే సందేశం పంపాను. ఆమె బటన్ల ఫోనులో అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించాయట! తెలుగు చూపించే ఫోను కొనిచ్చాను. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి. ఒత్తులు, గుణింతాలు కూడా లెక్కే. కాబట్టి ఒకసారికి ఒక్క మాటే: "అమ్మా, అన్నం తిన్నావా? మాత్ర వేసుకో."

వేసుకున్నాక ఆమె "1" నొక్కి పంపుతుంది. తొమ్మిదైనా రాకపోతేనే ఫోను చేస్తాను. ఆదివారం మాత్రం పాదాల గురించి అడుగుతాను, ఎందుకంటే షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే పుండు పడినా తెలియదు.

ఈ పద్ధతి మీద నమ్మకం కలగడానికి ఒక కారణం ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం దక్షిణ భారతంలో షుగరు వచ్చే ముప్పున్న 537 మంది పురుషులపై చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. రెండేళ్లలో ఫోనులో సందేశాలు అందుకున్నవారిలో 18 శాతానికి, అందుకోనివారిలో 27 శాతానికి షుగరు వచ్చింది. అది నివారణ గురించే అయినా, చిన్న మాటకు బలముందని నాకు అర్థమైంది.

ఈ నెల అట్టలు సరిగ్గా సమయానికి అయిపోయాయి. కొత్తవి తెమ్మని అమ్మే సందేశం పెట్టింది.