డ్యూటీ ఎక్కే ముందు పావుగంట ధ్యానం

నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. ధ్యానం మాట ఎత్తితే చాలు, మా రెస్ట్‌రూమ్‌లో అందరూ ఒకటే అంటారు: "అన్నా, కళ్లు మూసుకుంటే ఉన్న టెన్షన్లన్నీ అప్పుడే గుర్తొస్తాయే!" నిజమే, వస్తాయి. వచ్చినా కూర్చోవచ్చు. అదెట్లాగో చెబుతాను.

పద్మాసనం వేయాలన్న పట్టింపు వద్దు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన మోకాలు మడవనివ్వదు. కుర్చీ చాలు. రెండు పాదాలూ నేలకు ఆనాలి, నడుము నిటారుగా ఉండాలి. నొప్పి ఉన్నవాళ్లు తువ్వాలు మడిచి నడుం వెనక పెట్టుకోండి. బెల్టు ఒక రంధ్రం వదులు చేయండి, పొట్ట బిగిసి ఉంటే ఊపిరి పైపైనే ఆడుతుంది. తిన్న వెంటనే మాత్రం కూర్చోవద్దు. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉంది. మెస్‌లో భోంచేసి వచ్చి కూర్చుంటే ఆ శ్లోకం బాగా అర్థమవుతుంది.

ఫోన్‌లో అలారం పెట్టి బోర్లించేయండి. ముక్కు దగ్గర గాలి ఆడడం గమనించండి. లోపలికి వచ్చేది చల్లగా, బయటికి పోయేది కాస్త వెచ్చగా తగులుతుంది. దాన్ని మీరు నడపొద్దు, దాని మానాన పోనివ్వండి. నాలుగు ఊపిర్లు కాకముందే మనసు ఎటో పోతుంది: అడ్డమొచ్చిన ఆటో, అమ్మాయి కాలేజీ ఫీజు, ఈ నెల కేఎంపీఎల్, అంటే లీటరు డీజిల్‌కు బండి ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందన్న లెక్క. పోయిందని తెలియగానే మళ్లీ ముక్కు దగ్గరికి రండి. తిట్టుకోవద్దు. న్యూట్రల్‌లో ఉన్నా ఇంజన్ ఆడుతూనే ఉంటుంది కదా, ఆలోచనలూ అంతే. ఆపక్కర్లేదు, గేరు వేయకుండా ఉంటే చాలు.

పిరమిడ్ ధ్యానంవాళ్లు వయసెంతో అన్ని నిమిషాలు కూర్చోమంటారు. యాభై దాటినవాడు మొదటిరోజే అంతసేపు కూర్చుంటే రెండోరోజు ఆ వైపు రాడని నా లెక్క. పావుగంట చాలు.

నాకు తేడా ముందు దవడలో తెలిసింది. ట్రాఫిక్‌లో పళ్లు బిగబట్టే అలవాటు ఉందని అన్నేళ్లూ గమనించనేలేదు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర భుజాలు పైకి లేస్తే వెంటనే తెలుస్తుంది, దించేస్తాను. కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే నోటిదాకా రాకముందే పసిగడుతున్నాను. డిపో చిరాకు ఇంటికి తేవడం తగ్గిందని మా ఆవిడ అంటుంది, ఆ సర్టిఫికెట్ మామూలుది కాదు.

ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒళ్లు సడలేది అందుకే. 2014లో అమెరికా పరిశోధకులు ధ్యానం మీద జరిగిన 47 ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే ఆందోళన, దిగులు, నొప్పి కొంతమేర తగ్గినట్టు తేలింది. కొంతమేరే, మాయమైపోయాయని కాదు. గుండెజబ్బు ముప్పు తగ్గించే మామూలు వైద్యానికి తోడుగా ధ్యానం చేయొచ్చని 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. తోడుగా అంటే బదులుగా అని కాదు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర ఆపకండి, ఆపమని వీడియోల్లో ఎవరు చెప్పినా సరే.

బండి నడుపుతూ ధ్యానం ఆడియోలు పెట్టుకోవద్దు. నైట్ డ్యూటీ దిగినవాళ్లు ముందు పడుకోండి, నిద్ర బాకీ ధ్యానంతో తీరదు. కళ్లు మూయగానే పాత యాక్సిడెంట్ మెదిలి గుండె దడదడలాడుతుంటే, కళ్లు తెరిచి నేల మీద ఒకచోట చూపు నిలపండి. రోజూ అలాగే అవుతుంటే ఆపేసి డాక్టర్‌ని కలవండి.

గట్టిగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు వైపు ధమ్మఖేత్త విపస్సన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజుల కోర్సు, ఫీజు లేదు. మాట్లాడకూడదు, ఫోన్ అప్పగించేయాలి. మొదటి మూడు రోజులూ ఊపిరి గమనించడమే పని, ఇంట్లో కొన్నాళ్లు అలవాటు చేసుకుని వెళ్తే కాస్త తేలిక. సెలవు మాత్రం దసరా, సంక్రాంతి స్పెషల్స్ లేని రోజులు చూసి పెట్టుకోండి.