ధాన్యం పట్టిక ఎక్సెల్‌లో ఎందుకు చెదురుతుంది? సమస్య - పరిష్కారం

రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, వరి రకం, కిలోలు, పుట్లు, సొమ్ము. నెల్లూరు జిల్లాలో వరి కొనుగోలు లెక్క రాసేవారి కంప్యూటర్‌లో పట్టిక దాదాపు ఇలాగే ఉంటుంది. చిక్కులు కూడా దాదాపు అవే. పట్టిక ఏ విధంగా చెడినా ముందు ఒక పని చేయండి: అనుమానం ఉన్న సెల్ మీద క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్‌లో ఏముందో చూడండి. సెల్‌లో దాగిన విలువ ఒకటి, తెర మీద కనిపించే రూపం మరొకటి. కింది సమస్యల్లో చాలావరకు ఈ రెంటి మధ్య తేడాలోంచి పుట్టినవే. మెనూల పేర్లు విండోస్‌లోని ఎక్సెల్‌వి. లిబ్రే ఆఫీస్‌లో పేర్లే కాదు, కొన్నిచోట్ల దారీ వేరుగా ఉంటుంది.

సర్వే నంబరు కొడితే తేదీ వస్తోంది

12/3 అని కొట్టి ఎంటర్ నొక్కగానే 12 మార్చి అవుతుంది. తేదీలో నెల ముందు వచ్చే పద్ధతి ఉన్న కంప్యూటర్‌లోనైతే డిసెంబర్ 3 అవుతుంది. అడ్డగీత ఉన్న చిన్న సంఖ్యలను చూస్తే ఎక్సెల్ తేదీ అనుకుంటుంది. 12-3 అని రాసినా అంతే.

తేదీ అయిపోయాక సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే చాలదు. అప్పుడు 45363 లాంటి అంకె బయటపడుతుంది. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టి, ప్రతి తేదీనీ రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 45363 అంటే 2024 మార్చి 12. దీన్ని చూసి ఫైలు పాడైందని కంగారుపడనక్కర్లేదు, కానీ ఆ సర్వే నంబరు మాత్రం మళ్లీ కొట్టక తప్పదు.

సరైన క్రమం ఇది. ముందు సర్వే నంబరు కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, కంట్రోల్‌తో పాటు 1 నొక్కి, నంబర్ విభాగంలో టెక్స్ట్ ఎంచుకోవాలి. ఆ తరువాతే నంబర్లు కొట్టాలి. ఒకటి రెండు సెల్స్ మాత్రమే అయితే అంకె ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెడితే సరిపోతుంది. ఆ గుర్తు కాగితం మీద అచ్చు కాదు.

ఆధార్, ఖాతా నంబర్లు వింతగా కనిపిస్తున్నాయి

జనరల్ ఫార్మాట్‌లో, అంటే మనం ఏమీ మార్చకముందు సెల్‌కు ఉండే మామూలు అమరికలో, 11 అంకెలు దాటిన సంఖ్య 1.23457E+11 లాంటి రూపంలోకి మారుతుంది. ఆధార్‌కు 12 అంకెలు కాబట్టి అక్కడే చిక్కుకుంటుంది. ఇది పైకి కనిపించే మార్పు మాత్రమే. నంబర్ ఫార్మాట్ ఎంచుకుని, దశాంశ స్థానాలు సున్నా చేస్తే అంకెలన్నీ తిరిగి వస్తాయి.

ఖాతా నంబరు సంగతి వేరు. ఎక్సెల్ 15 అంకెల వరకే కచ్చితంగా దాచగలదు. 16వ అంకె నుంచి అన్నీ సున్నాలు అయిపోతాయి, అవి ఏ ఫార్మాట్ మార్చినా తిరిగి రావు. ఖాతా నంబరు మొదట్లో సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. డబ్బు జమ చేసే పట్టికలో ఇది చిన్న తప్పు కాదు. కూడికకు, తీసివేతకు పనికిరాని ఏ నంబరునైనా మొదటి నుంచీ టెక్స్ట్‌గానే ఉంచాలి.

రెండు ఎకరాల పది సెంట్లు 2.1 అయింది

ఎకరానికి 100 సెంట్లు కాబట్టి విస్తీర్ణాన్ని దశాంశంలో రాయడం మంచి పద్ధతే. కానీ 2.10 అని కొడితే జనరల్ ఫార్మాట్ చివరి సున్నాను తీసేస్తుంది. చదివేవారు రెండు ఎకరాల ఒక సెంటు అనుకునే ప్రమాదం ఉంది. విస్తీర్ణం కాలమ్‌కు రెండు దశాంశ స్థానాలు ఖాయం చేయండి. రెండు ఎకరాల ఐదు సెంట్లను 2.5 అని కొట్టేవారూ ఉన్నారు. దాన్ని ఏ ఫార్మాటూ కాపాడలేదు, అది 2.05 అని ఉండాలి.

పుట్లను ధరతో గుణిస్తే సొమ్ము తేడా వస్తోంది

ఇక్కడ ధాన్యానికి పుట్టి అంటే 850 కిలోలు. 3,000 కిలోలను 850తో భాగిస్తే 3.5294 పైన వస్తుంది. రెండు స్థానాలకు కుదిస్తే తెర మీద 3.53 కనిపిస్తుంది. పుట్టి ధర 20,000 రూపాయలు అనుకుందాం. రైతు కాగితం మీద 3.53ను 20,000తో గుణిస్తే 70,600 వస్తుంది. పట్టికలో మాత్రం 70,588.24 ఉంటుంది. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. దశాంశాలు తగ్గించే బటన్ రూపాన్ని కుదిస్తుంది తప్ప విలువను ముట్టుకోదు.

పరిష్కారానికి ముందు ఒక నిర్ణయం కావాలి: లెక్క కుదించిన పుట్ల మీదా, అసలు కిలోల మీదా? రెండు స్థానాల వరకే లెక్క అని కొన్నవారూ అమ్మినవారూ ఒప్పుకుంటే, పుట్ల కాలమ్‌లోని ఫార్ములాను రౌండ్ ఫంక్షన్‌లో పెట్టి, స్థానాల సంఖ్య 2 ఇవ్వండి. అసలు కిలోల మీదే అయితే పుట్ల కాలమ్‌లో నాలుగు స్థానాలు చూపించండి, గొడవ ఉండదు. ఎక్సెల్ ఐచ్ఛికాల్లో కనిపించిన విలువనే అసలు విలువగా మార్చేసే ఏర్పాటు ఒకటి ఉంది. దాని జోలికి వెళ్లకండి. అది ఆ ఫైలు మొత్తంలో విలువలను శాశ్వతంగా కోసేస్తుంది.

కూడిక సున్నా చూపిస్తోంది

సెల్‌లో 1250 కిలోలు అని మాటతో సహా కొట్టారేమో చూడండి. మాట చేరగానే అది సంఖ్య కాదు. వేరే చోటు నుంచి దించుకున్న పట్టికలో అంకెలు టెక్స్ట్‌గా వచ్చినా ఇదే గతి. మాట కలిసిన సెల్‌లో మాట తీసేసి అంకె ఒక్కటే ఉంచండి. ఉత్త అంకెలే టెక్స్ట్‌గా ఉన్న సెల్ మూలన సాధారణంగా చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది. ఆ సెల్స్ ఎంచుకుని, పక్కన వచ్చే హెచ్చరిక గుర్తులో సంఖ్యగా మార్చమనే ఎంపికను నొక్కాలి. మాట కనిపించాలనే కోరిక ఉంటే కస్టమ్ ఫార్మాట్‌లో #,##0" కిలోలు" అని ఇవ్వండి. అప్పుడు సెల్‌లో ఉండేది సంఖ్యే, మాట పైపూత.

ఇంకొకటి. సంఖ్యలు తమంతట కుడికి, అక్షరాలు ఎడమకు జరుగుతాయి. ఎడమకు చేరిన అంకె కనిపిస్తే అనుమానించాలని దానర్థం. అందానికి అన్నిటినీ మధ్యకు లాగితే ఆ ఆనవాలే పోతుంది. అంకెలున్న కాలమ్‌ను మధ్యకు లాగకండి.

లక్షల దగ్గర కామా పడటం లేదు

12,34,567కు బదులు 1,234,567 వస్తే విండోస్ ప్రాంతీయ అమరిక భారత్‌కు లేదన్నమాట. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అదనపు అమరికల్లో అంకెల గుంపును మన పద్ధతికి మార్చాలి. అయితే అది ఆ కంప్యూటర్‌కే పరిమితం. ఫైలుతో పాటు వెళ్లాలంటే ఈ కస్టమ్ కోడ్ వాడండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

రుణ సంఖ్యలకు, అంటే సున్నా కన్నా తక్కువైన వాటికి, ఇందులో లక్షల కామా పడదు. బాకీల కాలమ్‌కు వాడేముందు అది గుర్తుంచుకోవాలి.

సార్టింగ్ చేయబోతే ఒప్పుకోవడం లేదు

ఒకే ఊరి రైతుల వరుసలన్నిటికీ కలిపి ఊరి పేరును ఒకే పెద్ద సెల్‌గా విలీనం చేసి ఉంటారు. ఇందుకూరుపేట ఒక డబ్బా, బుచ్చిరెడ్డిపాళెం ఒక డబ్బా. చూడటానికి బాగుంటుంది, పనికి మాత్రం ఇంతకు మించిన శత్రువు లేదు. విలీనమైన సెల్స్ అన్నీ ఒకే పరిమాణంలో లేకపోతే ఎక్సెల్ సార్ట్ చేయదు. ఫిల్టర్‌లో ఊరి పేరు ఎంచుకుంటే ఒక్క మొదటి రైతే వస్తాడు, ఎందుకంటే పేరు పై సెల్‌లోనే ఉంది, మిగతావి ఖాళీ.

విడదీయడం సులువే. ఊరి కాలమ్ ఎంచుకుని విలీనం తీసేయండి. ఎంపిక చెదరకుండా కంట్రోల్‌తో జీ నొక్కి, స్పెషల్‌లోకి వెళ్లి, బ్లాంక్స్ ఎంచుకుంటే ఖాళీ సెల్స్ అన్నీ వెలుగుతాయి. సమాన గుర్తు కొట్టి, పై బాణం ఒకసారి నొక్కి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. ప్రతి ఖాళీ తన పైనున్న ఊరి పేరు తీసుకుంటుంది. చివరగా కాలమ్‌ను కాపీ చేసి విలువలుగా పేస్ట్ చేయండి. ఇది మరిచిపోతే సార్ట్ చేసినప్పుడు ఊళ్లు తారుమారవుతాయి.

పట్టిక పైన శీర్షిక మధ్యలో ఉండాలంటే విలీనం అక్కర్లేదు. ఫార్మాట్ సెల్స్‌లో అలైన్‌మెంట్ కింద సెంటర్ అక్రాస్ సెలెక్షన్ ఉంది.

వరుసల రంగులు కలగాపులగం అయ్యాయి

వరుస విడిచి వరుసకు చేత్తో రంగు వేస్తే, సార్ట్ చేసినప్పుడు రంగు కూడా సెల్‌తో పాటే కదిలిపోతుంది. పట్టికలో ఒక సెల్ ఎంచుకుని, కంట్రోల్‌తో టీ నొక్కి టేబుల్‌గా మార్చండి. అప్పుడు చారలు వరుస స్థానాన్ని బట్టి పడతాయి. టేబుల్ చేసినా కొత్త రంగు కనిపించకపోతే పాత చేతి రంగు పైన పరుచుకుని ఉంది. టేబుల్ డిజైన్‌లో కావలసిన శైలి మీద కుడి క్లిక్ చేసి, పాత ఫార్మాటింగ్ తుడిచి అమలు చేసే ఎంపికను నొక్కండి. అయితే తేదీ, దశాంశ అమరికలు కూడా చెరిగిపోతాయి, వాటిని మళ్లీ పెట్టుకోవాలి. రంగు ఒక్కటే పోవాలంటే నో ఫిల్ చాలు.

టేబుల్‌కు టోటల్ రో పెట్టి కోవూరు ఒక్కటే ఫిల్టర్ చేస్తే మొత్తం తగ్గుతుంది. అది దోషం కాదు, కనిపించే వరుసలనే కూడే ఏర్పాటు.

తెలుగు ఒత్తులు తెగుతున్నాయి

వరుస ఎత్తును ఎప్పుడో చేత్తో బిగించారు. వరుస సంఖ్య కింది గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే సర్దుకుంటుంది. విలీనమైన సెల్‌కు ఇది పనిచేయదు, మళ్లీ అదే శత్రువు. ఒత్తులు తెగడం కాక అక్షరాలే పిచ్చి గుర్తులుగా ఉంటే అది యూనికోడ్‌కు ముందు తరం అను లాంటి ఫాంటులో కొట్టిన పాఠం. దానికి నిర్మల లేదా గౌతమి ఫాంటు పెట్టి ప్రయోజనం లేదు, యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

##### అని వస్తోంది

కాలమ్ ఇరుకైంది, వెడల్పు చేయండి. వెడల్పు చేసినా పోకపోతే తేదీల తీసివేతలో రుణ ఫలితం వచ్చి ఉంటుంది.

రెండో పేజీలో శీర్షికలు రావడం లేదు

తెర మీద కిందికి జరిగినప్పుడు టేబుల్ శీర్షికలు పైన నిలబడతాయి కాబట్టి, కాగితం మీదా వస్తాయని అనుకుంటాం. రావు. పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ టైటిల్స్ తెరిచి, పైన మళ్లీ మళ్లీ రావలసిన వరుసను చూపించాలి. తెర మీది గీతలు కూడా వాటంతట అచ్చు కావు, అంచులు గీయండి. చివరి కాలమ్ వేరే పేజీకి తప్పిపోతే ముద్రణ అమరికలో కాలమ్‌లన్నీ ఒకే పేజీకి సరిపెట్టే ఎంపిక ఉంది.

చిన్న పట్టికే, ఫైలు మాత్రం కదలడం లేదు

కంట్రోల్‌తో ఎండ్ నొక్కండి. 200 వరుసల పట్టికలో కర్సర్ ఎక్కడో లక్షల వరుసల కిందికి దూకితే, ఎవరో షీటు అడుగు దాకా, అంటే 10,48,576వ వరుస వరకూ, రంగో గీతో పూశారు. మీ ఆఖరి వరుస కింది నుంచి చివరి దాకా వరుసలను ఎంచుకుని, కుడి క్లిక్ చేసి డిలీట్ చేయండి. కీబోర్డు మీది డిలీట్ మీట విలువలనే తుడుస్తుంది, పూతను వదిలేస్తుంది. తరువాత ఫైలును సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి కంట్రోల్ ఎండ్‌తో చూసుకోండి.